లాలాజల గ్రంథుల వ్యాధులు : అల్ట్రాసౌండ్ పరీక్ష నడిచివచ్చిన దారి

మన నోటిలో రోజుకు అర లీటరు మొదలు లీటరున్నర వరకు లాలాజలం ఊరుతుంది. దానిలో అధికభాగం మూడు జతల గ్రంథులనుంచి వస్తుంది. చెవులకు ముందు, కొంత కిందుగా ఉండేవి పెరోటిడ్ గ్రంథులు. దవడ ఎముక అంచుకు లోపలివైపున ఉండేవి అధోజంభికా గ్రంథులు. నాలుక కింద ఉండేవి అధోజిహ్వికా గ్రంథులు. ఇవి గాక పెదవుల లోపలి పొరలో, బుగ్గలలో, అంగిలిలో గింజలవంటి చిన్న గ్రంథులు వందల సంఖ్యలో ఉంటాయి.

పెద్ద గ్రంథులు చర్మానికి ఎంతో లోతున లేవు. వేలితో నొక్కితే తగిలేటంత దగ్గరలోనే ఉన్నాయి. అయినా కడుపులోని శిశువును చూపిన అల్ట్రాసౌండ్ పరీక్ష ఈ గ్రంథుల వద్దకు చేరడానికి సుమారు రెండు దశాబ్దాలు పట్టింది. చేరిన తరువాత, ముఖ్యంగా నోరు ఎండిపోయే వ్యాధి విషయంలో, అది చెప్పిన మాటను వైద్యలోకం నమ్మడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. ఈ ఆలస్యానికి కారణాలు తెలుసుకుంటే పరీక్ష ఎంతవరకు ఉపయోగపడుతుందో, ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలుస్తుంది.

చెవుల వద్ద వాపు మనుషులు ఏనాటినుంచో ఎరిగినదే. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో గ్రీకుల థాసోస్ దీవిలో యువకులకు చెవుల పక్కన వాపులు వచ్చాయనీ, అవి చీము పట్టకుండానే తగ్గిపోయాయనీ, కొందరికి వృషణాలు కూడా వాచాయనీ హిపోక్రటీస్ పేరిట ఉన్న గ్రంథాలలో వర్ణన ఉంది. మనవారు గవదబిళ్ళలనే వ్యాధి అదే. కాని వాచే ఆ పదార్థం ఒక గ్రంథి అనీ, దానికి నోటిలోకి తెరుచుకొనే నాళం ఉందనీ తెలియడానికి రెండువేల సంవత్సరాలకు పైగా పట్టింది. 1656లో ఇంగ్లండుకు చెందిన థామస్ వార్టన్ గ్రంథులపై రాసిన పుస్తకంలో అధోజంభికా గ్రంథి నాళాన్ని వర్ణించాడు. మరి నాలుగేళ్ళకు, 1660లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో చదువుకుంటున్న నీల్స్ స్టెన్సెన్ అనే ఇరవైరెండేళ్ళ డెన్మార్కు యువకుడు ఒక గొర్రె తలను కోసి పరిశీలిస్తున్నాడు. బుగ్గ లోపల ఒక గొట్టంలోనికి సన్నని సలాక దూర్చి ముందుకు నెట్టగా అది పళ్ళకు తగిలి టింగుమన్నది. పెరోటిడ్ గ్రంథి నాళం అలా దొరికింది. ఆతనికి ఆశ్రయమిచ్చి పాఠాలు చెబుతున్న బ్లాసియస్ మొదట దానిని తేలికగా తీసివేసి, పిమ్మట ఆ ఆవిష్కరణ తనదేనన్నాడు. ఇద్దరి మధ్య వివాదం పెద్దదే నడిచింది. నేడు వైద్యులందరూ ఆ నాళాన్ని స్టెన్సెన్ నాళమనే పిలుస్తారు. 1934లో అమెరికాలో జాన్సన్, గుడ్‌పాశ్చర్ అనే శాస్త్రజ్ఞులు గవదబిళ్ళల రోగుల ఉమ్మిని వడపోసి, కోతులకు ఈ నాళం ద్వారానే ఎక్కించి, వ్యాధికి కారణం వైరస్ అని నిరూపించారు.

గవదబిళ్ళలు వచ్చిపోయే జబ్బు. వచ్చి పోని జబ్బులతోనే చిక్కంతా. 1888లో కోనిగ్స్‌బర్గ్‌లో శస్త్రవైద్యుడు యోహాన్ మికులిచ్ ఒక రైతును గురించి సహవైద్యులకు వివరించాడు. ఆ రైతుకు కన్నీటి గ్రంథులూ లాలాజల గ్రంథులూ నొప్పి లేకుండా రెండువైపులా ఉబ్బిపోయాయి. తరువాత అలా ఉబ్బిన ప్రతి రోగికీ ఆ శస్త్రవైద్యుని పేరే అంటగట్టారు. 1930లలో స్వీడన్ కంటివైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ వేరొక దిక్కునుంచి ఈ రంగంలోనికి వచ్చాడు. కళ్ళు ఎండిపోయి, నోరు ఎండిపోయి, కీళ్ళు నొప్పులు పెట్టే స్త్రీలను చూసి, అవి మూడు జబ్బులు కావు, ఒకే జబ్బు అని గ్రహించాడు. 1933లో సమర్పించిన సిద్ధాంతగ్రంథంలో 19 మంది రోగులను వర్ణించాడు. వారందరూ స్త్రీలే. 13 మందికి దీర్ఘకాలిక కీళ్ళవాతం ఉంది. పరీక్షకులకు ఆ గ్రంథం అంతగా నచ్చలేదు. విశ్వవిద్యాలయ బోధకునికి కావలసిన అర్హత షోగ్రెన్‌కు దక్కలేదు. పదేళ్ళకు ఆస్ట్రేలియాకు చెందిన బ్రూస్ హామిల్టన్ దానిని ఆంగ్లంలోనికి అనువదించాకనే లోకం చదివింది.

నేడు మనం షోగ్రెన్ వ్యాధి అంటున్నది ఇదే. శరీర రక్షణకణాలైన లింఫోసైట్లు తన సొంత గ్రంథులపైనే దాడిచేసే స్వయంప్రహరణ వ్యాధి ఇది. రోగులలో పదిమందికి తొమ్మిదిమంది స్త్రీలు, ఎక్కువగా నడివయసువారు. నోరెండిపోవడాన్ని పైకి చూపించడానికి గాయం ఉండదు, జ్వరం ఉండదు. ‘మనసులో ఆందోళన తగ్గించుకోండి’ అన్న మాటతో ఏళ్ళ తరబడి తిరిగిన రోగులను మా తరం వైద్యులందరూ చూశారు. వీరిలో నూటికి అయిదుగురికి తరువాతి కాలంలో లింఫోమా అనే కాన్సరు రావచ్చు. కనుక ‘లోపల ఏముంది’ అన్న ప్రశ్నకు జవాబు దొరకడం కేవలం రోగి తృప్తికోసం కాదు.

లోపల చూడడానికి తొలిసారి దొరికిన సాధనం ఎక్స్‌రే. 1895లో రాంట్‌జెన్ కనిపెట్టిన ఆ కిరణాలు మెత్తని గ్రంథిని చూపలేవు, కొన్ని రాళ్ళను మాత్రం చూపగలవు. అందుచేత 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో వైద్యులు నాళంలోనికే ఎక్స్‌రేలను అడ్డగించే ద్రవాన్ని ఎక్కించి చిత్రం తీయడం మొదలుపెట్టారు. దీనికి సయలోగ్రఫీ అని పేరు. అయోడిన్ కలిసిన నూనె లిపియోడాల్ 1920లలో అందుబాటులోనికి రావడంతో ఈ పరీక్ష స్థిరపడింది. చెప్పడానికి తేలిక, చేయడానికి కష్టం. బుగ్గ లోపల, పై దవడ రెండవ పెద్ద దంతానికి ఎదురుగా ఉండే నాళద్వారం సూదిమొనంత. అది కనబడడానికి రోగి నాలుకపై నిమ్మరసం పిండి, ఉమ్మి ఎక్కడనుంచి చిప్పిల్లుతున్నదో గమనించాలి. పిమ్మట సన్నని సలాకలతో ద్వారాన్ని కొద్దికొద్దిగా వెడల్పు చేసి, గొట్టం దూర్చి, ద్రవం ఎక్కించాలి. చెంప ఉబ్బి నొప్పి పుడుతుంది. గ్రంథి చీముపట్టి ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయనేకూడదు. ఆ చిత్రాలు మాత్రం అందమైనవే. ఆరోగ్యవంతమైన గ్రంథిలో నాళాలు కొమ్మలు వేసిన చెట్టులా కనిపిస్తాయి. షోగ్రెన్ వ్యాధిలో కొమ్మలు మాయమై పళ్ళు మాత్రం వేలాడే చెట్టులా చుక్కలు కనిపిస్తాయి.

ఇక ధ్వని కథ. చీకటిలో గబ్బిలాలు చెవులతో దారి తెలుసుకుంటాయని 18వ శతాబ్దం చివర స్పల్లంజానీ చూపాడు. 1880లో క్యూరీ సోదరులు, పియేర్, జాక్, కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనుగొన్నారు. మరుసటి సంవత్సరం దానికి విలోమమూ నిజమేనని, అంటే విద్యుత్తునిస్తే స్ఫటికం కంపిస్తుందని తేలింది. మొదటి ప్రపంచయుద్ధంలో పాల్ లాంజవాఁ ఆ కంపనాలను సముద్రంలోనికి పంపి జలాంతర్గాముల జాడ తీసే ప్రయత్నం చేశాడు. తరువాత పరిశ్రమలలో ఉక్కుపలకల లోపలి పగుళ్ళు పట్టడానికి అదే పద్ధతిని వాడారు.

గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ప్రసూతిశాస్త్ర ఆచార్యుడైన ఇయన్ డొనాల్డ్ 1955 జూలైలో రెన్‌ఫ్రూ పట్టణంలోని ఒక బాయిలర్ల కర్మాగారానికి వెళ్ళాడు. శస్త్రచికిత్సలలో తొలగించిన గర్భాశయ కణితులను, అండాశయ తిత్తులను కార్లలో వేసుకొని వెళ్ళాడు. పోల్చిచూడడానికి కర్మాగారంవారు గొడ్డుమాంసపు ముక్కను సిద్ధం చేసి ఉంచారు. పగుళ్ళు పట్టే యంత్రం ద్రవం నిండిన తిత్తికీ గట్టి కణితికీ తేడా చూపింది. పిమ్మట ఇంజనీరు టామ్ బ్రౌన్, వైద్యుడు జాన్ మెక్‌వికార్‌లతో కలిసి డొనాల్డ్ చేసిన కృషి 1958 జూన్‌లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. జీర్ణాశయపు కాన్సరు ముదిరిందని వదిలేసిన ఒక స్త్రీ పొట్టలో ఉన్నది అండాశయపు తిత్తి అని ఆ యంత్రం చూపగా, శస్త్రచికిత్సతో ఆమె కోలుకున్నది.

అదే యంత్రాన్ని చెంపపై పెట్టి చూడవచ్చు గదా! పెట్టినా ఏమీ కనబడేది కాదు. దీనికి మూడు కారణాలున్నాయి. ఒకటి, ఆనాటి ప్రోబులోని స్ఫటికం ధ్వని పంపిన తరువాత కూడా కొంతసేపు మోగుతూనే ఉండేది. గంట కొట్టిన వెంటనే దగ్గరివాడి గుసగుస వినబడనట్లు, చర్మానికి సమీపంలోని ప్రతిధ్వనులు ఆ మోతలో కలిసిపోయేవి. రెండు, తరంగదైర్ఘ్యం. మెత్తని కణజాలంలో ధ్వని సెకనుకు సుమారు 1,540 మీటర్లు ప్రయాణిస్తుంది. పొట్టకు వాడే 2.5 మెగాహెర్ట్జ్ ధ్వనికి తరంగదైర్ఘ్యం 0.6 మిల్లీమీటరు. 10 మెగాహెర్ట్జ్ ధ్వనికి 0.15 మిల్లీమీటరు మాత్రమే. పౌనఃపున్యం పెరిగినకొద్దీ చిత్రం సూక్ష్మమవుతుంది, కాని ధ్వని లోతుకు పోలేదు. పొట్ట వైద్యులకు లోతు కావాలి, గ్రంథికి సూక్ష్మత కావాలి. మూడవ కారణం అన్నిటికంటె ముఖ్యమైనదని నా అభిప్రాయం. తొలి చిత్రాలలో ఉన్నది తెలుపు, నలుపు మాత్రమే. ప్రతిధ్వని వస్తే చుక్క, రాకపోతే శూన్యం. ద్రవమా, ఘనమా అని అడిగేవారికి అది చాలు. లాలాజల గ్రంథి విషయంలో అడగవలసిన ప్రశ్న వేరు: గ్రంథిలోపలి నేత ఎలా ఉంది? దానికి బూడిదవర్ణపు మెట్లు కావాలి. సిడ్నీలో జార్జ్ కోసోఫ్, విలియం గారెట్ బృందం 1970 ప్రాంతాల ఆ మెట్లను తెచ్చిపెట్టింది.

1970ల నడుమ లాలాజల గ్రంథుల అల్ట్రాసౌండ్‌పై తొలి నివేదికలు రాసాగాయి. 1977లో బేకర్‌తో కలిసి ఒక పత్రం రాసిన కార్ల్ ఒసోయినిగ్ కంటి అల్ట్రాసౌండ్‌లో నిపుణుడు. ఇది యాదృచ్ఛికం కాకపోవచ్చు. కన్ను కూడా లోతులేని అవయవం. పొట్ట వైద్యుల వద్ద లేని ఎక్కువ పౌనఃపున్యపు ప్రోబులు కంటివారి వద్ద ఉన్నాయి. కొన్నిచోట్ల మెడకూ ప్రోబుకూ నడుమ నీటిసంచి పెట్టి, చర్మాన్ని ఆ ‘మోత’ పరిధికి ఆవల ఉంచేవారు. 1980లలో ఎక్కువ పౌనఃపున్యంతో కదిలే చిత్రాలను చూపే ప్రోబులు వచ్చాక నీటిసంచుల అవసరం తగ్గిపోయింది.

ముందుగా లాభపడినవారు రాళ్ళ రోగులు. లాలాజలంలోని కాల్షియం లవణాలు పేరుకొని నాళంలో రాళ్ళు ఏర్పడతాయి. అవి అధికంగా అధోజంభికా గ్రంథిలోనే వస్తాయి, దాని నాళం పొడవుగా పైకి ఎక్కడమూ, దాని ఉమ్మి చిక్కగా ఉండడమూ కారణాలు. భోజనానికి కూర్చోగానే దవడ కింద ఉబ్బి, నొప్పి పుట్టి, గంట రెండు గంటలకు తగ్గిపోవడం దీని లక్షణం. అల్ట్రాసౌండ్‌లో రాయి తెల్లగా మెరుస్తుంది, దాని వెనుక నల్లని నీడ పడుతుంది. ఎక్స్‌రేకు చిక్కని రాళ్ళను కూడా అది పట్టగలదు. మరీ చిన్నరాళ్ళకు నీడ పడదు, అవి తప్పిపోవచ్చు. ఒకప్పుడు రాయి లోతున ఉంటే గ్రంథినే కోసి తీసివేసేవారు. మెడపై మచ్చ ఉండేది, కింది పెదవిని కదిలించే నరానికి దెబ్బ తగిలే భయం ఉండేది. 1989 ప్రాంతాల జర్మనీలోని ఎర్లాంగెన్‌లో హైన్రిక్ ఈరో బృందం శరీరం బయటినుంచే అఘాత తరంగాలతో లాలాజల రాళ్ళను పగులగొట్టనారంభించింది. గురి చూపినది అల్ట్రాసౌండే. తరువాత నాళంలోనికే సన్నని అంతర్దర్శినిని పంపే పద్ధతి వచ్చి గ్రంథులను కాపాడడం ఇంకా తేలికైంది.

గడ్డల విషయంలో అల్ట్రాసౌండ్ మాట సగమే. గడ్డ గ్రంథిలో ఉందా, పక్కనున్న లింఫు గ్రంథిలో ఉందా అన్నది చక్కగా చెబుతుంది. సూదిని సరియైన చోటికి నడిపించి కణపరీక్షకు సాయపడుతుంది. హాని చేయని గడ్డా, కాన్సరా అన్నది చిత్రం ఒక్కటే తేల్చలేదు. పెరోటిడ్ గ్రంథిలో కొంతభాగం దవడ ఎముక వెనుకకు పోతుంది. ధ్వని ఎముకను దాటలేదు కనుక అక్కడ ఏముందో తెలియడానికి ఎం.ఆర్.ఐ. చేయవలసిందే.

ఇప్పుడు షోగ్రెన్ వ్యాధి వద్దకు తిరిగి వద్దాం. ఆరోగ్యమైన గ్రంథి తెరపై రవ్వ పోసినట్లు సమంగా, పక్క కండరం కంటె తెల్లగా ఉంటుంది. షోగ్రెన్ వ్యాధిలో గ్రంథి నిండా గుండ్రని నల్లమచ్చలు తేలుతాయి. పాశ్చాత్యులు దీనిని చిరుతపులి తోలుతో పోల్చారు. మనకు పెనంమీది దోసెపై లేచిన చిల్లులు గుర్తుకు వస్తాయి. 1988లో అమెరికాలో బ్రాడస్, సహవైద్యులు ఈ మార్పులను ‘రేడియాలజీ’ పత్రికలో వర్ణించారు. 1992లో ఇటలీలో డి వీటా బృందం నేత చెదిరిన తీరునుబట్టి తీవ్రతను దశలుగా విభజించింది.

చిత్రం ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు అందరూ ఒప్పుకోవలసింది గదా? ఒప్పుకోలేదు. అభ్యంతరం న్యాయమైనదే. ఎక్స్‌రే ఫిల్మును పదిమంది చూడవచ్చు. అల్ట్రాసౌండ్ చిత్రం ప్రోబు పట్టిన చేతిని బట్టి మారుతుంది. ఒకరికి ‘కొంచెం చెదిరింది’ అనిపించినది ఇంకొకరికి ‘బాగానే ఉంది’ అనిపించవచ్చు. 2005లో స్లొవేనియాలో హొచెవార్ బృందం నాలుగు పెద్ద గ్రంథులలో అయిదు లక్షణాలను లెక్కించి 0 నుంచి 48 వరకు అంకెలు వేసే పద్ధతి పెట్టింది. 17, అంతకు మించి వస్తే వ్యాధి. సూక్ష్మమైన పద్ధతే గాని రోజువారీ వైద్యానికి బరువైనది. మరికొందరు మరికొన్ని పద్ధతులు తెచ్చారు. దానితో ఒకరి అంకె మరొకరి అంకెతో పోల్చడానికి వీలులేకుండా పోయింది. పెదవి లోపలి చిన్న గ్రంథుల ముక్క తీసి చేసే పరీక్షకు ఆ చిక్కు లేదు. 1968లో చిజమ్, మేసన్‌లు దానికి మెట్లు కట్టారు. 4 చదరపు మిల్లీమీటర్లలో 50 లింఫోసైట్ల గుంపు ఒకటైనా ఉండాలన్న లెక్క తరువాత స్థిరపడింది.

2016లో అమెరికా, ఐరోపా కీళ్ళవ్యాధుల సంఘాలు కలిసి షోగ్రెన్ వ్యాధికి వర్గీకరణ ప్రమాణాలు ప్రకటించాయి. పెదవి ముక్క పరీక్షకు 3, రక్తంలో యాంటీ రో ప్రతిరక్షకానికి 3, కంటి పరీక్షలు రెంటికి చెరి ఒకటి, ఉమ్మి పరిమాణానికి 1. మొత్తం 4 రావాలి. అల్ట్రాసౌండ్‌కు వాటిలో చోటు దొరకలేదు. అంతకుముందు 2002 ప్రమాణాలలో నొప్పి కలిగించే సయలోగ్రఫీకి చోటుండడం గమనించదగినది. ఈ ప్రమాణాలు పరిశోధనలకు రోగులను ఎంచుకోవడానికి ఉద్దేశించినవి. అయినా వైద్యులు వాటినే చేతిలో పెట్టుకొని రోగిని చూస్తారు, అది సహజం.

2019లో ఫ్రాన్సుకు చెందిన సాండ్రిన్ జూస్-జూలాఁ నాయకత్వంలో వివిధ దేశాల నిపుణులు కూర్చుని ఒకే కొలతకు వచ్చారు. మామూలు గ్రంథి 0. నేత కొద్దిగా చెదిరి నల్లమచ్చలు లేకుంటే 1. అక్కడక్కడ నల్లమచ్చలుంటే 2. గ్రంథినంతా మచ్చలు ఆక్రమిస్తే 3. ఇంత సాధారణమైన నాలుగు మెట్ల కొలతకోసం అన్ని సంవత్సరాలు ఆగవలసి వచ్చింది. అల్ట్రాసౌండ్‌ను 2016 ప్రమాణాలకు జతచేస్తే మరింతమంది రోగులను గుర్తించవచ్చని, ఆరోగ్యవంతులను రోగులుగా ఎంచే పొరపాటు పెద్దగా పెరగదని తదుపరి అధ్యయనాలు చూపాయి. యాంటీ రో లేని రోగికి మాత్రం పెదవి ముక్క అవసరం చాలావరకు మిగిలే ఉంది.

ఐరోపాలో చాలాచోట్ల కీళ్ళవైద్యులు తమ గదిలోనే ప్రోబు చేతబట్టి గ్రంథులను చూస్తారు. మన దేశంలో అది అంత సులభం కాదు, దానికి కారణం లాలాజల గ్రంథులతో ఏ సంబంధమూ లేని ఒక సాంఘిక దోషం. ఆడశిశువులను గర్భంలోనే తొలగించే దురాచారాన్ని అరికట్టడానికి 1994లో చట్టం చేశారు. దాని ప్రకారం అల్ట్రాసౌండ్ యంత్రం ఏ అవయవానికి వాడినా నమోదు చేయించాలి. దానిని ఒకచోటినుంచి మరొకచోటికి తీసుకుపోవడంపైనా ఆంక్షలున్నాయి. ‘ఇక్కడ లింగనిర్ధారణ పరీక్షలు చేయబడవు’ అన్న పలక స్కానింగ్ కేంద్రాలలో ప్రతి ఒక్కరూ చూసినదే. ఆ చట్టం అవసరమే, దానిని సడలించాలని నేననను. ఫలితంగా మన రోగి రేడియాలజిస్టు వద్దకు చీటీతో వెళ్ళవలసి ఉంటుంది. చీటీపై ‘మెడ స్కానింగ్’ అని మాత్రం రాస్తే థైరాయిడ్ చూసి పంపే అవకాశం ఉంది. ‘పెరోటిడ్, అధోజంభికా గ్రంథులు, రెండువైపులా; షోగ్రెన్ అనుమానం’ అని వైద్యుని చేత స్పష్టంగా రాయించుకోవాలి.

మూడు నెలలకు మించి రోజూ నోరు ఎండిపోతున్నా, అన్నం ముద్ద దిగడానికి ప్రతిసారీ నీళ్ళు తాగవలసి వస్తున్నా, తినేటప్పుడు దవడ కింద వాపు వచ్చి పోతున్నా, చెవి ముందు గడ్డ తగులుతున్నా వైద్యుని చూడాలి. అలర్జీకి, నిద్రకు, మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందులు కూడా నోటిని ఎండగొడతాయి. కనుక వాడుతున్న మందుల జాబితా తీసుకువెళ్ళాలి. అల్ట్రాసౌండ్‌కు ఉపవాసం అక్కరలేదు, సూది లేదు, కిరణాల భయం లేదు. రాయి అనుమానం ఉంటే రేడియాలజిస్టు నోటిలో పులుపు వేయమనవచ్చు. పులుపుకు ఉమ్మి ఊరి, అడ్డు ఉన్న నాళం ఉబ్బి, రాయి ఉన్న చోటు తెరపై తేలికగా దొరుకుతుంది. వెళ్ళేటప్పుడు ఒక నిమ్మచెక్క వెంట తీసుకువెళ్ళడం మంచిది.